రెండు ఒళ్లలో కాపురం

నేను ఒక కణాన్ని. వరహాలమ్మ కాలేయంలో పెరిగాను. డాక్టర్లు మా జాతికి సహజ హంతక కణాలని పేరు పెట్టారు. వైరస్ సోకిన కణాలను చంపడం మా పని. ఇంత పేరున్నా, మా ప్రాణం ఇరుగుపొరుగు చేతిలోనే ఉంటుంది. పక్క కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 అనే సైటోకైన్‌ను మాకు అందిస్తూ ఉంటాయి. ఇంకా ఉండమని చెప్పే రసాయన కబురు అది. అది ఆగితే మమ్మల్ని ఎవరూ చంపనక్కర్లేదు, మాకు మేమే రాలిపోతాం. మనుషులు మాత్రం ఏ కబురూ అందకపోయినా కొన్నాళ్లు తిరుగుతూనే ఉంటారు. పైడిరాజు అలాగే తిరిగాడు.

అతను వరహాలమ్మ తమ్ముడు. ఐస్ ఫ్యాక్టరీలో పని. భార్య జ్వరంతో పోతే ఏడవలేదు, మాట్లాడటం మానేశాడంతే. తర్వాత, ఒంట్లో ఎప్పటినుంచో దాగి ఉన్న హెపటైటిస్ అతని కాలేయాన్ని పాడుచేసిందని తేలింది. వరహాలమ్మ తన కాలేయంలో ముక్క ఇస్తానంది. అతను వద్దన్నాడు. ఆమె పట్టు విడవకపోతే, కాదనే ఓపిక లేక ఒప్పుకున్నాడు.

మేమున్న ముక్కను కోసి చల్లటి ద్రవంతో కడిగారు. రక్తంతో వచ్చిపోయే కణాలన్నీ కొట్టుకుపోయాయి. కాపురమున్న వాళ్లం మిగిలాం. చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత వెచ్చగా రక్తం వచ్చింది. అది వరహాలమ్మది కాదు.

మేము పరాయివాళ్లమని పైడిరాజు ఒంటికి తెలియకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. ఇంటికొచ్చాక అతను వాటిని మానేశాడు. కోపమూ లేదు, చావాలనీ లేదు. చెయ్యి వాటి దాకా వెళ్లలేదు, అంతే. అతని రక్తంలోని రక్షక కణాలు మా మీద పడ్డాయి. కబురందించే పొరుగు కణాలు ఒక్కొక్కటే కూలాయి. నా తోటివాళ్లు రాలుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను.

అతని కళ్లు పసుపెక్కాయని విని వరహాలమ్మ వచ్చింది. ఎక్కడివక్కడే ఉన్న మాత్రలు చూసి, మంచం పక్కన కూర్చుంది.

"నీ పేణం నీ ఇష్టంరా పైడీ. లోపలున్న ముక్క నాది. దాన్ని చంపీకు."

అతను లేచి మాత్ర మింగాడు. ఆ పూటే ఆమె అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి మందులతో దాడి నెమ్మదించింది.

నా వాళ్లలో మిగిలింది కొందరమే. ఖాళీలలోకి పైడిరాజు కణాలు వచ్చి స్థిరపడుతున్నాయి. పొరుగు కణాలు వాటికీ నాకూ ఒకే కబురు అందిస్తున్నాయి. ఎవరు ఎవరివాళ్లో అడగడం లేదు.

వరహాలమ్మ రోజూ తను పనిచేసే మిల్లుకి వెళ్లే ముందు ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది. అతను ఊఁ అంటాడు. అంతకు మించి మాటలుండవు. ఒకరోజు ఫోన్ రాలేదు. అతను కాసేపు చూసి, తనే చేశాడు. మిల్లులో పని ముందే మొదలైందనీ, అందుకే చెయ్యలేదనీ ఆమె చెప్పింది. అతను ఫోన్ పెట్టెయ్యలేదు.

"అప్పా, బువ్వ తిన్నావేటి?" అని అక్కని అడిగాడు.