నైరుతి గోడ

ఆ గోడ మొదటి ఇటుకకి బొట్టు పెట్టింది నేనే. తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

మాఘంలో మా పెళ్లయింది. నాది బాపట్ల. మా ఆయన భరద్వాజ రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. నాకు తెనాలిలో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం దొరకడంతో ఇక్కడే కాపురం పెట్టాం. ఇళ్లు చాలానే చూశాం. ఒకదానికి వంటిల్లు బాగుంది, ఒకదానికి నీళ్లు బాగున్నాయి. భ్రమరాంబ గారి మేడమీది వాటాకి మాత్రం కిటికీ బాగుంది. పడకగదికి తూర్పు వైపున, దాదాపు నా ఎత్తున్న కిటికీ. పక్కింటిది అప్పటికి ఒంటి అంతస్తు డాబా. దాని మీదుగా సాయంత్రం పైరగాలి వచ్చేది. మామూలుగా వచ్చేది కాదు. నా పాత చున్నీతో కుట్టిన తెర పొట్ట ఉబ్బించుకుని గది మధ్యదాకా వచ్చి నా మొహం మీద పడేది.

"చూడు, నేను రైలు దిగి వచ్చేలోపే అది నిన్ను ముట్టుకుంటోంది," అనేవాడు భరద్వాజ.

రేపల్లె నుంచి వస్తూ స్టేషన్ బయట మల్లెమొగ్గలు పొట్లం కట్టించుకుని తెచ్చేవాడు. లైటు వెయ్యకుండా కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్లం. నేను మాల కడుతుంటే తను దారం పట్టుకునేవాడు. టీ మాత్రం ఒకే గ్లాసులో తాగేవాళ్లం. గ్లాసులు లేక కాదు, పెళ్లికి వచ్చిన గ్లాసులు మంచం కింద అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయి.

పక్కింటి పాండురంగారావు గారిది జంపని. పొలాలు అక్కడ, ఎరువుల కొట్టు తెనాలిలో. ఒకరోజు పొద్దున్నే ఆయన భార్య ప్రమీలారాణి గారు పసుపు కుంకాల పళ్లెంతో మా మెట్లెక్కి వచ్చారు.

"మేడమీద గది వేస్తున్నామమ్మాయ్. కొత్త పెళ్లికూతురివి, నీ చేత్తో మొదటి ఇటుకకి బొట్టు పెడితే మాకు కలిసొస్తుంది."

నేను పొంగిపోయాను. ముత్తైదువగా నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. పట్టుచీర కట్టుకుని, గాజులు గలగలలాడించుకుంటూ వాళ్ల డాబా ఎక్కాను. నైరుతి మూల, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఇటుక పెట్టారు. పసుపు రాసి బొట్టు పెట్టాను. అక్కడినుంచి చూస్తే మా కిటికీ ఎంత ముద్దుగా ఉందో! నా తెరకి నేనే చెయ్యి ఊపాను. ప్రమీలారాణి గారు జాకెట్టు ముక్క పెట్టి, దోసెడు శనగలు కొంగులో పోశారు.

మర్నాటి నుంచి మొదలైంది.

తెల్లారకముందే ఇసుక ట్రాక్టరు. దాని వెనక ఇటుకల ట్రాక్టరు. చువ్వలు కోసే మిషను శబ్దం చెవుల్లో దూరి పళ్లలోంచి బయటికి వచ్చేది. భరద్వాజకి కాలేజీలో వేసవి క్లాసులు. నాకు స్కూలు సెలవులు కావడంతో రోజంతా నేను ఇంట్లోనే. దోసెల పిండిలో ఇసుక. దిండు గలీబుల మీద సిమెంటు. మా అత్తగారు పెట్టిన తెల్ల జరీచీర నీడన ఆరేస్తే సాయంత్రానికి ఇటుక రంగు చీర అయింది. కింద భ్రమరాంబ గారి కనకాంబరాల మీద సెంట్రింగ్ చెక్క పడి మొక్కలు నడుములు విరిగి పడుకున్నాయి.

"ఇల్లు కట్టుకునేటప్పుడు తప్పదులే తల్లీ," అంటూ ఆవిడ వాటికి పుల్లలు ఆనించి కట్టుకున్నారు. ఆవిడ రిటైరైన హిందీ టీచరు. ఎవరితోనూ గొడవ పడరు. అదే నాకు మంట.

మేమిద్దరం సైగలతో కాపురం చేయడం నేర్చుకున్నాం. ఉప్పు కావాలంటే చిటికె, మంచినీళ్లకి బొటనవేలు, ముద్దుకి వేరే గుర్తు. ఒక ఆదివారం శబ్దం తప్పించుకుందామని వాడరేవు దాకా వెళ్లాం. అక్కడ సముద్రం హోరు కూడా నాకు కాంక్రీటు కలిపే మిల్లరులాగే వినిపించింది. భరద్వాజ పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు.

అయినా ఓర్చుకున్నాను. ఎందుకంటే గదిని వాళ్లు తూర్పున, రోడ్డు వైపు వేశారు. మా వైపు ఖాళీ డాబా అలాగే మిగిలింది. మూలన నేను బొట్టు పెట్టిన ఇటుక ఒక్కటే కూర్చుని ఉంది. శబ్దం ఇవాళ కాకపోతే రేపు ఆగుతుంది, దుమ్ము తుడుచుకుంటే పోతుంది, కిటికీ ఉంటే చాలు అనుకున్నాను.

గదికి శ్లాబు పడి, చెక్కలు విప్పారు. ఇక అయిపోయిందనుకుంటున్నాను. ఒకరోజు టీ పెట్టుకుని వచ్చేసరికి మేస్త్రీ లూకా నా ఇటుక పక్కన ఇంకో ఇటుక పేరుస్తున్నాడు.

"ఏంటి మేస్త్రీ గారూ, ఇక్కడ కూడా గదా?"

"గది కాదమ్మా, గోడే."

"గోడ వెనక ఏం కడతారు?"

"ఏం లేదమ్మా. ఉత్త గోడ."

గ్లాసు అక్కడే పెట్టి కిందికి దిగాను. పాండురంగారావు గారు మా ప్రహరీ పక్కనే నిలబడి ఇటుకలు తడిపిస్తున్నారు. ఇవతల భ్రమరాంబ గారు మొక్కలకి నీళ్లు పోస్తున్నారు.

"బాబాయిగారూ, మా వైపు ఆ గోడ దేనికండి?"

"గది తూర్పున పడింది గదమ్మాయ్. తూర్పు ఎత్తయ్యి నైరుతి పల్లమైందంట. నైరుతిలో గదిని మించి గోడ లేపమన్నారు సిద్ధాంతి గారు."

"మా కిటికీ మొత్తం మూసుకుపోతుందండి. గాలంతా అటునుంచే."

"ఏసీ పెట్టించుకోండి. ఇద్దరూ సంపాదిస్తున్నారుగా."

"కాస్త ఎత్తు తగ్గించి..."

"అమ్మాయ్, నా స్థలం, నా గోడ. అడిగితే ఇంటావిడ అడగాలి. ఇవాళ ఉండి రేపు పోయే అద్దెవాళ్లు చెబితే నా వాస్తు మార్చుకోవాలా ఏంటి?" అని, అంతటితో ఆగకుండా నవ్వారు. "అయినా బొట్టు పెట్టింది నువ్వేగా!"

ఇటుకలు తడిపే కూలీలు కూడా నవ్వారు. నా ఒళ్లంతా భగ్గుమంది. భ్రమరాంబ గారి వైపు చూశాను. ఆవిడ తల ఎత్తలేదు. ఒకే మొక్కకి నీళ్లు పోస్తూనే ఉన్నారు.

గోడ లేచింది. ముందు వాళ్ల కొత్త గది పక్కనుంచి కనిపించే వీధి పోయింది. తర్వాత కొబ్బరిచెట్ల మొదళ్లు పోయాయి, తర్వాత మట్టలు. చివరికి కిటికీ నిండా ఎర్ర ఇటుకలు, వాటి మధ్య నుంచి పళ్లు తోమని నోట్లోలా బయటికి కారి గట్టిపడిన సిమెంటు. తెర చచ్చిన పాములా వేలాడింది. గది పొయ్యి మీద పెట్టిన మూకుడయింది.

ఆ సాయంత్రం భరద్వాజ పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. విప్పలేదు.

"పోనీ ఇల్లు మారదామా ఉషా?"

"మనమెందుకు మారాలి? మీకు రోషం లేదా?"

"అది కాదు. గాలి లోపలికి రావాలంటే లోపల పీడనం..."

"ఇప్పుడు నాకు ఫిజిక్స్ చెప్పారంటే ఆ పీడనం మీ నెత్తి మీద పడుతుంది."

తను ఎక్కడినుంచో తాటాకు విసనకర్ర తెచ్చి నా వెనక కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. తెర నా మొహం మీద పడాలి కదా అని, రెండో చేత్తో తెర అంచు పట్టుకుని నా మొహం మీద వేశాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. మొగ్గలు పొట్లంలోనే విచ్చుకుని పొట్లంలోనే వాడిపోయాయి. నాకు ఆ గోడని తన్నాలనిపించింది. గోడని కాదు, నవ్విన ఆ మనిషిని.

జ్యేష్ఠం వచ్చింది. ఆషాఢంలోపల గృహప్రవేశం చేసెయ్యాలని పక్కింట్లో హడావుడి. నాకూ ఆషాఢం భయమే. కొత్త కోడల్ని కనుక ఆ నెల బాపట్ల వెళ్లిపోవాలి. ఉన్న ఈ కొద్ది రోజులూ గోడని చూస్తూ గడపాలి.

ఒక పొద్దున మా గేటు చప్పుడైంది. కిందికి చూస్తే, లూకా మనుషులు సరుగుడు కర్రలు తెచ్చి భ్రమరాంబ గారి పెరట్లో పడేస్తున్నారు.

"ఏంటవి?" అని పైనుంచే అరిచాను.

"పరంజాకి అమ్మా. బయటివైపు ప్లాస్టరింగు చెయ్యాలిగా. ఇటునుంచి తప్ప అందదు."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

బాపట్లలో మా ఇంటి పడమటి గోడకి ఇప్పటికీ ప్లాస్టరింగు లేదు. మా నాన్న కూడా ఇలాగే హద్దు మీద గోడ కట్టి, అవతలివాళ్ల స్థలంలో పరంజా వేసుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్లని అడిగారు. వాళ్లు కుదరదన్నారు. ప్రతి వానాకాలం ఆ మొండి ఇటుకలు నీళ్లు తాగుతాయి. మా అమ్మ ఆ గదిలో గోడ పక్కన పాత దుప్పట్లు పరుస్తుంది. హద్దు మీద గోడ కట్టుకునేవాడు ముందు పక్కింటివాళ్లతో మంచిగా ఉండాలని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పాండురంగారావు గారు వాస్తు చూసుకున్నారు కానీ, ఇది చూసుకోలేదు.

నేను కిందికి వచ్చేసరికి ఆయన మామిడిపళ్ల బుట్టతో భ్రమరాంబ గారి వరండాలో కూర్చుని ఉన్నారు.

"రెండ్రోజులు కర్రలు పాతుకుంటామండి పంతులమ్మగారూ. మా చెట్టు కాయలు, తినండి."

పెరడు ఆవిడది. నాకు మాట్లాడే హక్కు లేదు. అయినా నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు. అయిపోయింది, తప్పదులే అంటారు అనుకున్నాను. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెరటితో కలిపే ఈ అమ్మాయికి అద్దెకిచ్చానండి పాండురంగారావు గారూ," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "కర్ర పాతాలంటే ఈ అమ్మాయినే అడగాలి. ఇవాళ ఉండి రేపు పోయేవాళ్లే గానీ, ఇవాళ మాత్రం ఉన్నారుగా."

అంటే ఆ రోజు అంతా విన్నారన్నమాట! ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది. కానీ ముందు చెయ్యాల్సిన పని ఉంది.

"నా కిటికీకి ఎదురుగా గోడకి జాలీలు పెట్టించండి బాబాయిగారూ. గాలి దూరే కన్నాల సిమెంటు జాలీలు. గోడ ఎత్తు మీ ఇష్టం. జాలీలు పెట్టాకే కర్రలు."

"నైరుతికి కన్నం పెడతారా ఎక్కడన్నా? కొంప మునుగుతుంది!"

"అయితే అలాగే ఉంచుకోండి. తొలకరికి ఇటుకలు కడుపునిండా నీళ్లు తాగుతాయి, ఆ నీళ్లు కింద మీ పడగ్గదిలోకి దిగుతాయి. ఎలా దిగుతాయో చూడాలంటే మా బాపట్ల రండి, మా అమ్మ చూపిస్తుంది."

"చదువుకున్నదానివి, ఇదేం మంకుపట్టు?"

"మీ దగ్గరే నేర్చుకున్నానండి."

ప్రహరీ అవతలినుంచి ప్రమీలారాణి గారి గొంతు లేచింది. "ఏంటండీ ఇంకా! గృహప్రవేశానికి మా అన్నయ్యవాళ్లు వచ్చి ఆ మొండిగోడ చూసి నవ్వితే నేను తలెక్కడ పెట్టుకోను? ఆ సిద్ధాంతికి ఫోన్ చెయ్యండి ముందు!"

ఆయన ఫోన్ చేశారు. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడారు. పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా అన్నారు. "జాలీని కిటికీగా లెక్కెయ్యరంట. దోషం లేదంట. సరిసంఖ్యలో ఉండాలంట."

అంతే! ఒక్క ఫోన్. ఆ ఫోన్ నేను అడిగిన రోజే చేసి ఉంటే సరిపోయేది. గెలిచానన్న సంతోషం కన్నా నాకు ఆ మాటకే ఎక్కువ మండింది. నేను ఉడికిన మధ్యాహ్నాలు, పొట్లంలో వాడిన మొగ్గలు, అన్నీ ఈయన ఫోన్ చెయ్యడానికి బద్ధకించడం వల్ల పోయినవే.

"మధ్యాహ్నం మిషను పెట్టకూడదు. భ్రమరాంబ గారికి కొత్త కనకాంబరం మొక్కలు తేవాలి," అన్నాను. అది ముందు అనుకున్నది కాదు. ఆ మంటలో వచ్చేసింది.

లూకా గోడ మధ్యలో పగలగొట్టి జాలీలు బిగించాడు. ఆ శబ్దం ఒక్కటే నాకు ఇన్నాళ్లలో తియ్యగా వినిపించింది. సాయంత్రం ప్రమీలారాణి గారు మళ్లీ పళ్లెంతో వచ్చారు. "మొదట నీ చేత్తోనే పెట్టావు. దీనికీ నువ్వే పెట్టాలమ్మాయ్. మనసులో పెట్టుకోకు."

వెళ్లాను. ఈసారి పట్టుచీర కట్టుకోలేదు, ఇంట్లో కట్టుకున్న నూలు చీరతోనే వెళ్లాను. పాండురంగారావు గారు పక్కన నిలబడి ఉన్నారు. కుంకుమ భరిణె చేతికిచ్చారు.

"ముందు గాలి రానివ్వండి పిన్నిగారూ. వచ్చాక పెడతాను."

"గాలి ఎప్పుడొస్తుందో ఏంటో!" అని ఆయన సణిగారు.

"వచ్చేదాకా నిలబడదాం బాబాయిగారూ. నేను ఇన్నాళ్లు నిలబడ్డాను."

నిలబడ్డాం. పళ్లెం పట్టుకుని ఆవిడ, చెమట తుడుచుకుంటూ ఆయన, జాలీ కన్నంలో కన్ను పెట్టి నేను. ఎదురుగా నా కిటికీ. నా తెర. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తెర కొస కదిలింది. లోపల భరద్వాజ నీడ కనిపించింది.

"మీరు లాగుతున్నారా?" అని అరిచాను.

తను కిటికీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఒక చేతిలో మల్లెమొగ్గల పొట్లం ఉంది. ఎత్తిన ఆ చేతుల మధ్య నుంచి తెర, మునుపటిలా పొట్ట ఉబ్బించుకుని కాదుగానీ, కొంచెంగా, మొహమాటపడుతున్నట్టు లేచింది.

అప్పుడు జాలీకి పసుపు రాసి బొట్టు పెట్టాను. జాకెట్టు ముక్క తీసుకున్నాను. శనగలు కూడా తీసుకున్నాను. పాండురంగారావు గారికి మాత్రం వెళ్లొస్తానని చెప్పలేదు.