నానా అసియామా నడక

అసాంటె నేలలో ఆ చిన్న ఊరికి అసియామా రాజై, అందరి చేతా 'నానా' అని పిలిపించుకోబట్టి ఏడాదయింది. ఈ ఏడాదిలో ఆయన సొంత కాళ్లతో నడిచిందంతా పోగేసినా, ఒకప్పుడు రోజూ పొద్దున్నే నడిచి వెళ్లిన తన కోకో తోట దాకా రాదు. రాజు ఒంటరిగా వీధిలోకి వెళ్లకూడదు, కత్తి పట్టి కలుపు కొట్టకూడదు, తొందరపడకూడదు. రాజపీట మీద కూర్చోవాలి, పెట్టింది తినాలి. ఏం తిండనుకున్నారు! కర్రపెండలం దంచి చేసిన తలకాయంత ఫూఫూ ముద్ద, మీద వేరుశనగ పులుసు. వదిలేస్తే వండి పంపిన రాజమాతకు అవమానం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇక్కడ కరుగుతున్నవి ఆయన కాళ్లు.

ఆ రోజు నర్సు దూఫియె వచ్చి నెత్తురు చూసింది. రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు గనక, మధ్యన మాటగాడు బాఫో నిలబడ్డాడు.

"చక్కెర మూడింతలుందని చెప్పు తాతా."

బాఫో వంగి, "నానా, తమరి నెత్తురు తేనెలా తియ్యగా ఉందట" అన్నాడు.

"తేనె కాదు, విషం! తిన్నదంతా చక్కెరై నెత్తుట్లోకొస్తుంది. దాన్ని కండల్లోకి పంపేది ఇన్సులిన్. కూచుని కూచుని కండలు మొద్దుబారాయి, ఇన్సులిన్ ఎంత తలుపు కొట్టినా తీయట్లేదు. ముద్ద సగం చెయ్యాలి. ముందు ఆకుకూరా బొబ్బర్లూ తినాలి. తిన్నాక అరగంట నడవాలి. కండ కదిలితే తలుపు అదే తీస్తుంది."

"నానా వారు అలా తిరిగొస్తే మంచిదట. పల్లకీ తెప్పించనా?"

"పల్లకీనా! మోసేవాళ్లకు తగ్గుతుంది తాతా చక్కెర!"

రాజుకు నవ్వొచ్చింది, వెంటనే కడుపు మండింది. రెండడుగుల దూరంలో కూర్చుని అంతా వింటూ, ఏమీ విననట్టు ఉండాలి. ఇదేం బతుకు!

దూఫియె ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని బొటనవేలి కింద దూదితో రాసింది. ఆయనకు తెలియలేదు. మళ్లీ రాసింది. తెలియలేదు.

"ఇంకా పుండు పడలేదు" అంది నెమ్మదిగా. "పడితే మానదు. వేలు తీసేయాలి."

బాఫో ఈ మాట తిప్పి చెప్పలేదు.

రాజుకు అన్న గుర్తొచ్చాడు. తనకు ముందు పీట మీద ఉన్నది ఆయనే. ఇదే జబ్బుతో వేలు తీసేశారు. అంగం పోయినవాడు రాజుగా ఉండకూడదని ఆ నెలలోనే దించేశారు. ఆ తర్వాత కాలూ పోయింది, మనిషీ పోయాడు. నడిస్తే ఆచారం తప్పి పీట పోతుంది, నడవకపోతే కాలు పోయి పీటా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతలో రాజమాత పంపిన పళ్లెం వచ్చింది. ఆయన దాని వంక చూసి లేచాడు.

"తోటకెళ్తున్నా" అన్నాడు, నేరుగా, అందరూ వినేలా.

బాఫో గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "వద్దు నానా! ఒంటరిగా ఈ గడప దాటితే పెద్దలు రేపే పంచాయితీకి కూర్చుంటారు. తమరి చెప్పులు లాగేసి వట్టికాళ్లు నేలకు తాకిస్తారు. అంతటితో సరి, ఇక రాజు కారు."

"వాళ్లకెందుకు ఆ శ్రమ?" అంటూ రాజు బంగారు పూత చెప్పులు విప్పి పక్కన పెట్టి, వాకిట్లో మట్టి మీద పాదం మోపాడు. లోపల ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

వీధి మొదట్లోకి వచ్చేసరికి వెనక పరుగు వినిపించింది. బాఫో. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఉడతల్ని పట్టినవాళ్లే. ఏడాదిగా మాత్రం వంగకుండా ఒక్క మాటా ఆడలేదు. రొప్పుతూ వచ్చి, తన కాళ్లనున్న పాత టైరు చెప్పులు విప్పి ఆయన ముందు పడేశాడు. కళ్ల నిండా నీళ్లు.

"ఒరేయ్ అసియామా, ఇవేసుకోరా. రాయి గుచ్చుకున్నా నీకు తెలీదు."