మూడు సైట్ల బెల్లం నీళ్లు

మా భానుప్రసాద్ సారు దగ్గర సత్యానికి ఒకటే కొలత: ఒక మాట మూడు వెబ్‌సైట్లలో ఉంటే అది నిజం. రెండింట్లోనే ఉంటే ఇంకా పండలేదని అర్థం. తొమ్మిదో తరగతికి ‘మన పంట, మన సమస్య’ ప్రాజెక్టు ఇచ్చిన రోజు ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశారు.

మాది జక్రాన్‌పల్లి. మా పంట పసుపు, మా సమస్య దుంపకుళ్లు. వానలు విడవకుండా కొట్టి, చేనులో నీళ్లు నిలిచి, ఒక మూల ఆకులు ఎండుముఖం పట్టాయి. అది చేనంతా పాకితే ఆ ఏడాది మా తిండీ, నా చదువూ రెండూ అనుమానమే.

మందు మాత్రం క్షణాల్లో దొరికింది. ‘బోధన్ రైతుల వందేళ్ల రహస్యం: బెల్లం నీళ్లు పోస్తే దుంపకుళ్లు మాయం’ అని సరిగ్గా మూడు సైట్లలో ఉంది. సారు చదివి మురిసిపోయి, "శభాష్ అఖిలా!" అన్నారు. నా చార్టు క్లాసు గోడకెక్కింది. అంతటితో ఆగినా బాగుండేది. దాని ఫొటోను మా బాపు ఫోన్‌లో చూశాడు.

మా బాపు సాయన్న అమాయకుడేం కాదు. విత్తనం కొనేటప్పుడు కొమ్ము విరిచి, రంగు చూసి, వాసన చూసి, అమ్మేవాడి మొహం కూడా చూసి గానీ బస్తా ఎత్తడు. ఫోన్‌లో వచ్చిన మాటను మాత్రం మట్టి కూడా దులపకుండా మింగేస్తాడు. ఇక బడి గోడ మీది మాటకు అడ్డేముంది? మరునాడే బోధన్ దగ్గరున్న ధనలక్ష్మి అత్త ఇంటికి వెళ్లి, అక్కడి చెరకు రైతుల దగ్గర బెల్లం కొని ఆటోలో వేసుకొచ్చాడు. మా ఇంటి చీమలకు పెళ్లి సందడి మొదలైంది.

ఆ సాయంత్రం చార్టులో అతికిద్దామని సైటులోని ఫొటోను పెద్దది చేసి చూశాను. అది పసుపు చేనే కాదు. ఎర్రపూల మెట్టతామర, మా బడి గేటు పక్కన పెరిగేదే. మూడు సైట్లలోనూ అదే ఫొటో, అవే వాక్యాలు, చివర అదే సీసా మందు కొనమనే ప్రకటన. ముగ్గురు సాక్షులనుకుంటే, ఒక్కడే మూడు చొక్కాలు మార్చుకుని వచ్చాడన్నమాట. నా చార్టును నమ్మి చేను పోతుందేమోనని బాపు దగ్గరికి పరుగెత్తాను.

బాపు అప్పటికే డ్రమ్ములో బెల్లం కలుపుతున్నాడు.

"బాపు, గది పొయ్యకు! తప్పుడు ముచ్చట."

"నువ్వే రాస్తివి గదనే! సారు గూడ మెచ్చిండంటివి."

"సారుకేం ఎరుక? గది బోధన్ల రహస్యమంట గదా, అత్తనడిగినవా?"

బాపు కలిపే కట్టె ఆగింది. "అడగలే. ఫోన్ల ఉండంగ మల్ల అడుగుడెందుకని..."

బోధన్ రహస్యం కోసం బోధన్ దాకా పోయి, అన్నం తిని, బెల్లం కొని, రహస్యం ఊసెత్తకుండా తిరిగొచ్చిన పరిశోధకుడు లోకంలో మా బాపు ఒక్కడే. అత్తకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"వందేండ్ల రహస్యమా?" అత్త నవ్వు ఆగలేదు. "మేము గూడ పసుపు ఏస్తనే ఉన్నం గదరా తమ్మీ. మా అత్త నాడు గూడ గిట్ల ఎవ్వరు పొయ్యలే. ముందుగాల నీళ్లు పోయేటట్టు కాల్వ తియ్యి. వ్యవసాయం సారును తోల్కపోయి సూపెట్టు. బెల్లంతోని పాయసం వండుకోండ్రి."

మర్నాడు మండల వ్యవసాయాధికారి చేనుకు వచ్చి చూసి, కాలువ తీయమనే చెప్పారు. కుళ్లిన మొక్కలు పీకించి మందు రాసిచ్చారు. నేను చార్టు చింపేసి కొత్తది రాసుకెళ్లాను. "ఇందులో వెబ్‌సైటు ఒక్కటీ లేదే?" అని సారు మార్కులు కోశారు.

ఆదివారం మేం కాలువ తీస్తుంటే పక్క చేను ఆత్మారాం వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏం సాయన్నా, బెల్లం నీళ్లు పోస్తలేవా?"

"పొయ్య. మా బిడ్డ వద్దన్నది."

"పోరి మాట ఇంటవా? ఏ ఫోన్ల ఉన్నది గా ముచ్చట?"

బాపు పార ఆపకుండానే జవాబిచ్చాడు. "ఫోన్ల లేదు. మా ఇంట్ల ఉన్నది."

అవతలి కొసన మట్టి ఎత్తుతున్న నాకు ఆ మాట వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు కోసిన మార్కులు ఆ పూట గుర్తుకే రాలేదు.