వేడి ఇస్తాను, డీజిల్ ఇవ్వను

కొండ మీద గాలి లేచిందని గేటు దించేశారు. మంచు తోసే లారీ వచ్చి ముందు నడిస్తే తప్ప, బండ్లు దాని వెనక వరసకట్టి దాటడానికి వీల్లేదు. రావ్నా తన పాత బండి ఇంజిను ఆపి, డీజిల్ హీటరు మాత్రం రగిలించుకుని, చాకుతో ఎండుమాంసం చెక్కుకుంటూ కూర్చుంది. నోరు మాంసం నములుతోందే గాని కళ్ళు మాత్రం అద్దంలోనే ఉన్నాయి. ఆ అద్దంలో కనిపించే తెల్లబండి ఇస్సాత్‌ది. చనిపోయిన మొగుడికి పినతండ్రి కొడుకు. వరసకి మరిది, చేతకి దొంగ.

అది ఊరికే అన్న మాట కాదు. రావ్నా ఇంటి రెయిన్‌డీర్లకి ఎడమ చెవిన రెండు చిన్న గాట్లు ఉంటాయి. ఇస్సాత్ ఇంటి గుర్తు అదే చెవికి ఒక పెద్ద కోత. ఆ కోత పడిందంటే కింద రెండు గాట్లున్నాయో లేవో దేవుడికి కూడా తెలీదు. ఈ వేసవిలో మొగుడు పోయి ఆమె ఏడుపులో ఉండగా, ఇస్సాత్ ఆమె దూడల మీద తన కత్తి బాగానే వాడుకున్నాడు.

అయితే చెవి అబద్ధం చెబుతుంది గాని దూడ చెప్పదు. ఎంత పెద్ద మందలో కలిపినా అది తన తల్లి వెనకే పోతుంది. ఆ పోవడం నలుగురూ చూశారంటే ఎవరిదో తేలిపోయినట్టే. కొండ అవతల దొడ్డిలో ఇవాళ మందల్ని విడదీస్తున్నారు. ఇస్సాత్ ముందుగా చేరితే, చెవులు చూపించి దూడల్ని కసాయి లారీ ఎక్కించేస్తాడు. రావ్నా ముందుగా చేరితే అవి దక్కుతాయి. ఈ దూడలు పోయాయంటే ఇక ఆమెకి మంద అనేది ఉండదు. మంద లేని మనిషి పట్నంలో ఎవరిళ్ళలోనో గిన్నెలు కడుక్కోవాలి.

వరసలో ఆమె బండే ముందుంది. కానీ కొండ దిగాక ఆ తెల్లబండి ఒక్క ఊపులో దాటిపోతుంది. అదే ఆమె బాధంతా.

మంచు లారీ మనిషి ఓడ్వార్ దీపం పట్టుకుని ఒక్కో అద్దం తట్టుకుంటూ వచ్చాడు.

"డీజిల్ ఉందా పెద్దమ్మా? బట్టలున్నాయా?"

"బండిలో సగం ట్యాంకు, వెనక నిండు డబ్బా. ఒంటి మీద తోలు కోటు. నా సంగతి సరే, ఆ వెనకాయన్ని అడుగు నాయనా."

ఇస్సాత్ అద్దం వేలెడు దించి "నిండా ఉంది" అన్నాడు. ఆ మాట గాలిలో ఇక్కడిదాకా వినిపించింది.

గాలి తగ్గలేదు. మధ్యాహ్నానికే చీకటి ముసిరింది. అప్పుడు చూసింది రావ్నా: తెల్లబండి చక్రం పక్కనుంచి సన్నగా వచ్చే హీటరు పొగ ఆగిపోయింది. ఆమె నమలడం ఆపింది. కొత్త బండ్లలో హీటరు గొట్టం ట్యాంకు అడుగుదాకా దిగదు. డీజిల్ తగ్గగానే దానికి అందక అదే ఆరిపోతుంది, మిగిలింది ఇంజినుకి ఉంచుతుంది. అంటే మరిదిగారి ట్యాంకు నిండా ఉన్నది గాలే!

ఇస్సాత్ కాసేపు ఇంజిను తిప్పాడు. భయమేసి ఆపాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆపాడు. అలా గింజుకుంటుంటే రావ్నాకి పండగ చూసినట్టుంది. ఆఖరికి దిగి వచ్చి అద్దం తట్టాడు. ఒంటి మీద బజార్లో తిరిగే పల్చటి కోటు, కనుబొమల నిండా మంచు.

"ఏం మరిదీ, గాలి మారుద్దామని దిగావా?"

"వదినా, నీ డబ్బా ఇయ్యి. దొడ్డి దగ్గర తిరిగి పోసేస్తా."

"తిరిగివ్వడం ఎప్పట్నించి నేర్చుకున్నావు నాయనా?"

"ఇది వేళాకోళాలకి టైమా? చచ్చిపోతున్నా చలికి!"

"అదిగో, చలికి వచ్చినవాణ్ణి బయట నిలబెడితే మీ అన్న గోరీలోంచి లేచొస్తాడు. ఎక్కు. వేడి ఇస్తాను, డీజిల్ ఇవ్వను."

ఎక్కాడు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. మాంసం ముక్క కూడా పెట్టింది, అదీ పెద్ద ముక్కే. హీటరు ఇంకాస్త పెంచింది. అతను చేతులు కాచుకుంటుంటే ఓడ్వార్ మళ్ళీ అటు వచ్చాడు. రావ్నా అద్దం దించి ఎంతో ముద్దుగా అంది:

"నాయనా, మా మరిది నిండా ఉందన్నాడు కదా, ఆ బండి డీజిల్ సూది ఓసారి చూసిరా. పెద్దదాన్ని, బెంగగా ఉంది."

ఓడ్వార్ చూసొచ్చి ఇస్సాత్‌ని అమ్మనాబూతులు తిట్టలేదంతే. "నడికొండలో ఆగిపోతే వెనకాళ్ళందరూ చావాలా? ఆ బండి కదలదు. నువ్వు ఈవిడతో వెళ్తే వెళ్ళు, లేకపోతే ఇక్కడే పడుండు" అన్నాడు. తాళాలు తీసుకుని తెల్లబండిని పక్కకి తోయించాడు.

ఇస్సాత్ దవడలు బిగించాడు. రావ్నా హాయిగా ఇంకో కాఫీ పోసుకుంది. అతని మొహం చూసుకుంటూ, హీటరు భగభగలాడించుకుంటూ, గేటు లేచేదాకా అలాగే కూర్చుంది. ఆ సరదాలో పడి, చెయ్యాల్సిన ఒక్క పని మరిచిపోయింది.

వరస కదిలి కొండెక్కడం మొదలయ్యాక సూది వంక చూసింది. అది అడుగుకి దిగిపోతోంది. ఆమె హీటరు మొగుడు తన చేత్తో బిగించింది. గొట్టం అడుగుదాకా దించాడు, ఆఖరి చుక్కదాకా తాగుతుంది. ఎక్కడ ఆపాలో మనిషే చూసుకోవాలి. నిండు డబ్బా వెనకే ఉంది గాని వరసలో ఆగకూడదు, దిగకూడదు. ఆగితే వెనక్కి లాక్కుపోయి గేటు దగ్గర పడేస్తారు. దూడల సంగతి అంతటితో సరి.

రావ్నా హీటరు నొక్కి ఆపేసింది. పాత ఇంజిను ఇచ్చే వేడి అరికాళ్ళకే చాలదు. కాసేపట్లో అద్దాలకి లోపలి వైపు మంచు పూసింది.

"అదేంటొదినా, ఆపేశావు?"

డీజిల్ లేదంటే ఈ వెధవ నవ్వుతాడు కదా అని పెదవి బిగించుకుంది. అతను మాత్రం దాన్ని ఇంకోలా తీసుకున్నాడు.

"నన్ను చంపాలనే ఎక్కించుకున్నావా?"

ఆమె రోడ్డు చూసుకుంటోంది.

"వదినా, పెట్టవే తల్లీ! కాళ్ళు తెలీటం లేదు."

రావ్నాకి కూడా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా నిబ్బరంగా అంది. "మా దూడలకీ చెవి తెలీలేదులే, నువ్వు కోసినప్పుడు."

అతను కాసేపు పళ్ళు టకటకలాడించాడు. తర్వాత కక్కేశాడు. "కోశాను! అన్న పోయాక, ఈ వేసవిలో, ఏటి ఒడ్డున. తల్లులు అరుస్తుంటే కుక్కల్ని వదిలి తరిమేశాను. చాలా? పెట్టు ఇప్పుడు!"

ఆమె హీటరు పెట్టలేదు, పాట ఎత్తుకుంది. రెయిన్‌డీర్లు కాచే వాళ్ళ జనంలో మనిషి మీద పాట కట్టడమంటే ఇంకో పేరు పెట్టినట్టే. చచ్చినా పోదు, అది పాడితే ఆ మనిషి ఎదురుగా నిలబడ్డట్టే. అతని మాటలే తీసుకుంది. ఏటి ఒడ్డు, కుక్కలు, అరిచే తల్లులు, మధ్యలో పళ్ళు టకటకలాడే చప్పుడు. ఆ చప్పుడు మరీ బాగా కుదిరింది.

"ఆపు వదినా! నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తెలీటం లేదన్నావుగా. నాకూ తెలీటం లేదు, పట్టుకున్నా లాభంలేదు."

ఏటవాలు మొదలయ్యాక సూది అడుగున పడుకుంది. ఇంజిను దగ్గింది, ఆగింది. మంచు లారీ మాత్రం అప్పటికే అవతలి గేటు దాటించి పక్కకి తప్పుకుంది. బండి తన బరువుతో తనే జారుకుంటూ దొడ్డి కంచె దగ్గరకి వచ్చి ఆగింది. ఇస్సాత్ దిగి నిలబడలేక కంచె పట్టుకుని వేలాడాడు. కసాయి లారీవాడు "ఏవన్నా, నీ దూడలేవో చూపించు, ఎక్కించేస్తా" అని కేకేశాడు. ఇస్సాత్ నోరు తెరిచాడు గాని, మాట బదులు పళ్ళ చప్పుడే వచ్చింది.

రావ్నా కంచె మీదికి వంగి, ఆ చప్పుడుతో సహా పాట మొదటినుంచీ ఎత్తుకుంది. లోపలున్న ఆడవాళ్ళు మొదట ఊరికే తలతిప్పారు. తర్వాత చెవి ఒగ్గారు. పెద్ద కోత పడ్డ దూడలు ఒక్కొక్కటీ మంద తోసుకుని వెళ్ళి రావ్నా రెండు గాట్ల గుర్తున్న తల్లుల పక్కన చేరుతుంటే, అందరూ ఇస్సాత్ వైపే చూశారు.

"అవి ఆవిడవే. వదిలెయ్" అన్నాడు ఇస్సాత్ లారీవాడితో, నేలచూపులు చూస్తూ. ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "దూడలు ఇచ్చేశాను కదా వదినా. ఇక ఆ పాట ఎక్కడా పాడకు."

"దూడలు నావి, నా దగ్గరికి వచ్చాయి. పాట నీది మరిదీ. అది నీ దగ్గరే ఉంటుంది."

కంచె అవతల ఒక ముసలావిడ అప్పుడే దాన్ని కూనిరాగం తీస్తోంది. రావ్నా బండి వెనక్కి వెళ్ళి, డబ్బా దించుకుని, తాపీగా ట్యాంకు మూత తిప్పింది.