డబ్బా మీద అమ్మవారు

"ఏం కోడలా, నీ డబ్బ ఇయ్యాల ఊదలేదేంది?"

మంగయ్య కాక తడి వలలు భుజాన వేసుకుని మా వాకిట్లో ఆగి అడిగాడు. నేను అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. గోదావరిలో చేపలు పట్టే మంగయ్య కాక పొద్దు వాలితే గానీ వలలు తీయడు. మిట్టమధ్యాహ్నం వలలతో కనిపించడమే వింత.

"నీళ్ళు వస్తెనే గద కాకా ఊదేది," అన్నాను నవ్వుతూ.

"రాకపోవుడేంది? పైన నా వలల నిండ కొమ్మలు, చెత్త. నీళ్ళు ఎర్రగైనయ్. అందుకే తీసుకొని వచ్చిన. నీ డబ్బ ఊదలేదంటె ఇటు దిక్కు ఇంక రాలేదు గావచ్చు. సదువుకున్న డబ్బ, దానికి మనకంటె ఎక్కువ ఎరుక!"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నా నవ్వు మాత్రం ఆగిపోయింది. మామ పొద్దున్నే దిబ్బ మీదికి వెళ్ళారు.

మాది అంకిస. వానాకాలం పోయి గోదావరి తగ్గిందంటే నది నడుమ ఇసుక దిబ్బ తేలుతుంది. మా మామ రాజలింగు ఏటా దాని మీద వంగ, మిరప పెడతారు. ఒడ్డుకూ దిబ్బకూ మధ్య ఒక పాయ ఉంటుంది. మోకాలి లోతు, రాళ్ళ మీద నడిచి దాటొచ్చు. పైన ప్రాణహిత దిక్కు వాన పడిందంటే మాత్రం ముందు నిండేది ఆ పాయే. దిబ్బ చివర డీజిల్ ఇంజన్ పెట్టుకుని నారుకు నీళ్ళు కట్టే మనిషికి వెనక దారి మునిగిన సంగతి తెలియదు. మామకు ఎడమ మోకాలు అరిగింది, ఈత ఇప్పుడు ఆయన వల్ల కాదు. అక్కడ ఫోను పలకదు. తడుస్తుందని ఆయన దాన్ని ఇంట్లోనే బియ్యం డబ్బాలో పెట్టి వెళ్తారు.

ఇదంతా పెళ్ళయిన కొత్తలో ప్రేమ్ చెప్పాడు. కొత్తలో అంటే, ఇప్పుడూ కొత్తే. ప్రేమ్‌సాగర్ మా ఆయన. "మా ఆయన" అని రాసినప్పుడల్లా నాకు ఊరికే నవ్వొస్తుంది. నేను చంద్రపూర్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. అక్కడ నా ప్రాజెక్టు ప్యాచ్ యాంటెన్నా. అదేం బ్రహ్మాండం కాదు. ఒక ఫైబర్ పలకకు ముందు వైపు అరచేతికంటే కొంచెం పెద్ద రాగి ముక్క, వెనక వైపు నిండా రాగి పొర. మామూలు కర్ర యాంటెన్నా చుట్టూరా అరుస్తుంది. ఇది తన ఎదురుగా ఉన్న ఒక్క దిక్కుకే మాట్లాడుతుంది, అందుకే చిన్న బ్యాటరీతో దూరం పోతుంది.

రాగి మీద చెయ్యి వేసే ముందు దాన్ని సాఫ్ట్‌వేర్‌లో గీసి చూడాలి. ముక్క పొడవు కొంచెం మారిస్తే చాలు, గ్రాఫ్‌లో గుంట పక్కకు జరుగుతుంది. కబురు పంపే మన చిన్న రేడియో పలికే చోట గుంట పడితే దాని బలమంతా గాలిలోకి పోతుంది. వేరే చోట పడితే తిరిగి రేడియో మొహానికే వస్తుంది. సాయంత్రాలు ప్రేమ్, నేను గుంట ఎక్కడ పడుతుందోనని పందెం వేసుకునేవాళ్ళం. ఓడినవాళ్ళు చాయ్ పెట్టాలి. పాపం, చాలా చాయ్‌లు పెట్టాడు. పెళ్ళికి వచ్చిన ఇస్త్రీ పెట్టెతో ప్రింటును రాగి మీదికి ఎక్కించాం. పెళ్ళికి వచ్చిన ప్లాస్టిక్ టబ్బులోనే మందు కలిపి అక్కర్లేని రాగిని కరిగించాం. "అయ్యో, మా చెల్లె పెట్టిన టబ్బు!" అని అత్తమ్మ మొత్తుకుంది.

నది వంపు దగ్గర ఒడ్డున టేకు గుంజ పాతాం. దాని అడుగున గొట్టంలో ఒక తేలే బెండు. గుంజ తల మీద తెల్ల డబ్బా, ఆ డబ్బా మూత లోపల దిబ్బ వైపు చూస్తూ నా యాంటెన్నా. నీళ్ళకు బెండు లేస్తే డబ్బా పిలుస్తుంది, దిబ్బ మీద గుడిసెకు కట్టిన లారీ హారన్ ఊరంతా వినపడేలా ఊదుతుంది. మొదటి రోజు ప్రేమ్ చేత్తో బెండు ఎత్తగానే హారన్ మోగింది, దిబ్బ మీది కొంగలన్నీ లేచాయి. కొత్త కోడలినని మరిచి నేను ఒడ్డు మీదే గెంతాను.

ఆ తర్వాత ఒక రోజు ఎవరిదో బర్రె వచ్చి గుంజకు ఒళ్ళు రాసుకుంది. హారన్ ఊదింది. మామ పంచె ఎగ్గట్టుకుని కుంటుతూ పరుగున ఒడ్డుకు వచ్చారు. చూస్తే నీళ్ళు లేవు, బర్రె ఉంది. ఊరు ఊరంతా నవ్వింది. "ఇంకొకపారి ఊకెనే పిలిచిండ్రంటె ఆ డబ్బను గోదాట్ల పారేస్త," అన్నారు మామ. మేము బెండు చుట్టూ ముళ్ళకంప కట్టాం. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని లోపలికి పరిగెత్తాను. అత్తమ్మ యాదక్క చింతపండులో గింజలు తీస్తోంది.

"అత్తమ్మా, పైన నీళ్ళు వస్తున్నయట. మామను పిలుచుకొద్దాం పా."

"డబ్బ ఊదిందా?"

"లేదు."

"మరి ఊదకపోతె నీళ్ళు రానట్టే గద బిడ్డా. నువ్వే చెప్తివి."

నిజమే, నేనే చెప్పాను. బ్యాటరీ మిగులుతుందని నీళ్ళు వచ్చినప్పుడే నోరు తెరిచేలా చేశాను. డబ్బా గమ్మున ఉందంటే నీళ్ళు రాలేదని అందరికీ నేర్పాను. నోరు పడిపోయినా అది గమ్మునే ఉంటుందన్నది అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

"డబ్బకే ఏమన్న అయిందేమో అత్తమ్మా."

"దానికేమైతది? పొద్దుగాల మీ మామ ఎంట పోయి అమ్మను అంటిచ్చి వచ్చిన. బర్రె దిష్టి, ఊరోళ్ళ దిష్టి అన్ని పోతయ్."

మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అత్తమ్మ దానికి అమ్మవారి స్టిక్కరు అంటిస్తుంది. ఫ్రిజ్‌కు, గ్రైండర్‌కు, స్కూటీకి, డీజిల్ ఇంజన్‌కు, ఆఖరికి నా లాప్‌టాప్ మూతకు కూడా. నాకది ఎంత ముద్దుగా అనిపించేదో!

"డబ్బకు ఎక్కడ అంటిచ్చినవ్?"

"మొకం మీద. మూత నిండ వచ్చింది. అమ్మను ఎవరన్న వీపున అంటిస్తరా?"

"కాయితందా, మెరిసే రేకుదా?"

"కాయితందైతె వానకు ఆగుతదా? రేకుదే. బంగారం లెక్క మెరుస్తది."

యాంటెన్నా ఎదురుగా, వేలెడు దూరంలో, పళ్ళెమంత రేకు.

"అత్తమ్మా, దాని నోరు మూసినవ్! పా, తీసేద్దాం."

అత్తమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అమ్మను పీకుతవా? ఒంటి మీద పెండ్లి పసుపు ఇంక ఆరలే, గిదేం మాట? అమ్మ కూసున్న డబ్బ ఊదలేదంటె నీళ్ళు రాలేదన్నట్టే. మల్ల ఊకెనే పిలిస్తె ఆయన మనిద్దరి పెండ్లి చేస్తడు."

ఆమె రాకుండా నేనొక్కదాన్నే పోయి ఏం చేయాలి? కొత్త కోడలు మామను కేకేసి పిలవడం మా వాడలో లేదు. ప్రేమ్ మోటారు వైండింగ్ కోసం సిరోంచ వెళ్ళాడు, ఫోను కలవడం లేదు. వాకిట్లోకి చూస్తే ఉత్తరం దిక్కు ఆకాశం నల్లగా ఉంది.

"సరే, ఒక్కసారి ఇది చూడు. నీకు అట్లనే అనిపిస్తె నేను పోను," అన్నాను.

లాప్‌టాప్‌లో డబ్బా బొమ్మ తెరిచే ఉంది. మూత మీద పలచని లోహపు రేకు ఒకటి గీశాను. లెక్క తొందరగా తేలాలని బొమ్మను విడగొట్టే గడులు పెద్దవి చేసి రన్ నొక్కాను. తెర కింద పచ్చ గీత మెల్లగా పాకసాగింది. ఇదివరకు ఆ గీత పాకుతుంటే ప్రేమ్ నా జడ లాగుతూ ఉండేవాడు, సమయమే తెలిసేది కాదు. ఇప్పుడు అది నత్తలా ఉంది. చెంబు తన్నినట్టు ఉరుము ఒకటి దూరంగా దొర్లింది. అత్తమ్మ చింతపండు చేతులతోనే వచ్చి నా వెనక నిలబడింది.

గ్రాఫ్ వచ్చింది. మన రేడియో పలికే చోట గుంట లేదు. గీత చదునుగా పోయింది.

"ఇదేందో నాకు తెల్వది," అంది అత్తమ్మ.

రంగుల బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టాను. "ఇది అమ్మ లేనప్పుడు. ఎర్రగున్న దిక్కు మాట పోతది, నీలముంటె పోదు. చూడు, ముందంత ఎరుపు, వెనక నీలం. ఇగ ఇది అమ్మను మూత మీద కూసోబెట్టినంక."

రెండో బొమ్మలో ఎరుపంతా రేకుకూ రాగికీ నడుమ ఇరుక్కుని ఉంది. ముందంతా నీలం.

అత్తమ్మ వంగి చూసింది. "దిబ్బ ఎటు దిక్కున్నది?"

"ఇటు."

ఆమె వేలు తెర మీద పెట్టింది. నీలంలో చింతపండు మరక పడింది.

"మీ మామ ఈడున్నడా?"

"ఆడనే ఉన్నడు అత్తమ్మా."

వేలు అక్కడినుంచి వెంటనే రాలేదు. తర్వాత చేయి కొంగుకు తుడుచుకుని, "స్కూటీ తియ్యి," అంది.

చేల గట్ల మీద స్కూటీ ఎగిరెగిరి పడింది. అత్తమ్మ నా నడుము పట్టుకుని, "మెల్లగ... కాదు కాదు, జల్ది పోనియ్," అని రెండు మాటలూ అంటూనే ఉంది. వంపు తిరిగేసరికి గుంజ కనిపించింది. దాని అడుగున ముళ్ళకంప సగం మునిగి ఎర్ర నీళ్ళలో ఊగుతోంది. బెండు ఎప్పుడో లేచి ఉంటుంది. పైన డబ్బా మూత మీద అమ్మవారు బంగారు రంగులో మెరిసిపోతోంది. అంటే డబ్బా ఇంతసేపూ పిలుస్తూనే ఉంది.

పాయలో రాళ్ళు కనపడటం లేదు. దిబ్బ ఆ చివర మామ మాకు వీపు పెట్టి వంగి నారు సర్దుతున్నారు. పక్కన ఇంజన్ టకటక.

"ఓయ్! ఇనవడ్తలేదా! ఓ పిల్లల తండ్రీ!" అత్తమ్మ గొంతు చిరిగేలా అరిచింది. గాలి మా వైపే కొడుతోంది. మామ తల ఎత్తలేదు. నేను కొంగు తిప్పాను. ఇటు చూడని మనిషికి కొంగు ఏం కనిపిస్తుంది?

నీళ్ళలోకి దిగి గుంజ దగ్గరికి పోయాం. నీళ్ళు పిక్కలు దాటాయి. నేను చెయ్యి ఎత్తబోతే అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు ముట్టకు. ఏమన్న అయితె నాకు కావాలె, నీకెందుకు." ఆమె డబ్బా మొహం వైపు తలెత్తింది. "అమ్మను పీకి ఏడ పారెయ్యాలె బిడ్డా, గీ నీళ్ళల్లనా?"

అప్పుడే నాకు మొదటి బొమ్మ గుర్తొచ్చింది. ముందంతా ఎరుపు, వెనక నీలం.

"పీకుడు గాదు అత్తమ్మా, జరుపుడు. వెనక నిండ రాగే ఉన్నది. ఆ దిక్కు మొదటినుంచే మాట పోదు. అమ్మ అక్కడ కూసుంటె ఎవరికి అడ్డం గాదు. వెనకనుంచి కాస్తది."

"వీపునా?"

"మనం బండి మీద ఎట్ల వచ్చినం? నువ్వు నా వెనక కూసుంటివి గద."

అత్తమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, స్టిక్కరుకు చేయి తాకించి కళ్ళకు అద్దుకుంది. గోటితో మూల లేపింది. రేకు కర్రుమంటూ ఊడింది, ఒక అంచు చిరిగింది. "తల్లీ, తల్లీ," అంటూ దాన్ని డబ్బా వెనక పెట్టి అరచేత్తో గట్టిగా అదిమింది.

హారన్ ఊదలేదు.

డబ్బా ఆగి ఆగి పిలుస్తుంది, తర్వాతి పిలుపు దాకా చూడాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా, ఇంతసేపూ తిరిగొచ్చిన బలానికి రేడియో కాలిపోయిందా? బ్యాటరీ అయిపోయిందా? నీళ్ళు మోకాలికి వచ్చాయి. ఒక కొమ్మ నా కాలికి తగిలి తిరిగి పోయింది. అత్తమ్మ చేయి ఇంకా డబ్బా వెనకే ఉంది, తీస్తే అమ్మ పడిపోతుందన్నట్టు.

భోంయ్ మని ఊదింది.

దిబ్బ మీది కొంగలు ఒక్కసారిగా లేచాయి. మామ నడుము ఎత్తి మా వైపు తిరిగారు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపుతూ ఏదో తిట్టారు. నాకు వినపడలేదు గానీ అందులో బర్రె ఉందని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆయన చూపు పాయ మీద పడింది. చెయ్యి ఊపడం ఆగిపోయింది.

ఇంజన్ అక్కడే వదిలేసి కుంటుతూ వచ్చారు. పాయలో దిగగానే నీళ్ళు నడుముకు తగిలాయి. నడిమికి వచ్చేసరికి ఛాతీ. ఎడమ కాలు మడత పడి ఒక్కసారి ఒరిగారు, తల ఒక్కటే కనిపించింది. ముళ్ళకంపకు కట్టిన వెదురు గడ పీకి నేను పాయలోకి పోయాను.

"మామా! గడ పట్టుకో! గడ పట్టుకో మామా!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన చెయ్యి గడకు దొరికింది. అత్తమ్మ నా నడుము లాగితే నేను గడ లాగాను. ముగ్గురం ఒడ్డు బురదలో పడ్డాం.

మామ దగ్గి, మీసాల నీళ్ళు తుడుచుకుని, నిండుగా పారుతున్న పాయను చూశారు. తర్వాత డబ్బాను చూశారు. మూత తెల్లగా, ఖాళీగా ఉంది.

"అమ్మ ఏది?"

"ఎనక," అంది అత్తమ్మ.

దిబ్బ మీద హారన్ ఆగి ఆగి ఊదుతూనే ఉంది. ఊరి దిక్కునుంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు మంగయ్య కాక.

"ఇగ బంద్ చెయ్యరాదే, వచ్చిన గద!" మామ చెవులు మూసుకున్నారు.

అత్తమ్మ జుట్టు ముడి వేసుకుంటూ ఆయన వైపు తిరగలేదు. "ఊదేది అమ్మ. నేనెట్ల బంద్ చేస్త?"