ఆర్పకూడని గది

ఉద్యోగమంతా విద్యుత్ శాఖలో వెళ్ళదీసిన మనిషికి, ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే ఒళ్ళు మండడం సహజమే. మన పెద్దాయనకు అది మరీ ముదిరింది. ఏ గదిలో కాలు పెట్టినా "ఇది అవసరమా? ఆపేద్దాం" అనేవాడు. అందుకే ఆఫీసులో ఆయనకు ఆపేద్దాంగారని పేరు పడింది. ఇంట్లో ఎవరైనా మొహానికి సబ్బు రాసుకుంటుండగా చీకటైపోతే, తిట్లు కరెంటాఫీసుకు కాదు, నేరుగా ఆయనకే వెళ్ళేవి.

అలాంటి మనిషిని కూతురు తన మొక్కల గదికి పంపింది. తప్పెవరిదో మీరే చెప్పండి.

ఆమె మొక్కల మీద పరిశోధన చేస్తుంది. ఆ రోజు సెలవు, పైగా ఒళ్ళు కాలిపోయే జ్వరం. తండ్రికి తాళంచెవులిచ్చి, ట్రేలో నీళ్ళు పోసి వచ్చెయ్యమంది. ఆయన వెళ్ళి పోశాడు. వేలెడంతైనా లేని మొక్కలు, ముద్దుగా ఉన్నాయి. తడిచిన చేతులు తుడుచుకుని, రుమాలును లైట్ల కిందున్న కడ్డీకి ఆరేసి, అది అక్కడే మరిచిపోయాడు. స్విచ్చు ఆపడం మాత్రం మరిచిపోలేదు. ఎవరి సొమ్మైనా వృథా కానివ్వనన్న తృప్తితో ఇల్లు చేరాడు.

సాయంత్రం కూతురికి జ్వరం కాస్త దిగింది. ఆ బుల్లి మొక్కలకు అన్ని లైట్లెందుకని ఆయనే కదిలించాడు. పని మాట వస్తే ఆమెకు ఓపిక ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, లేచి కూర్చుని చెప్పింది. ఆకుపచ్చదనానికి కావలసిన ముడిసరుకును మొక్క చీకట్లో కూడా తయారు చేసుకుంటుందట. ఆఖరి పని మాత్రం వెలుతురు పడ్డాకే జరుగుతుంది. అందుకని చీకట్లో కొంత పోగవగానే మామూలు మొక్క ఇక చాలని తనంతట తానే ఆపేస్తుంది. ఈమె మొక్కల్లో ఆ ఆపే ఏర్పాటు పుట్టుకతోనే లేదు. ఎప్పుడూ వెలుతురుంటే సరుకు ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది, పేచీ లేదు. చీకటైతే పేరుకుపోతూనే ఉంటుంది.

"ఎన్నేళ్ళు కష్టపడితే పుట్టాయో ఇవి. గింజ చేతికొచ్చేదాకా వీటికి చీకటన్నది తెలియకూడదు నాన్నా."

చీకటి తెలిస్తే ఏమవుతుందో చెప్పేలోపే మందు మత్తుకు ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. తాను ఆపి వచ్చిన స్విచ్చు ఆయనకు గుర్తొచ్చింది. లేపి చెప్పొచ్చు. జ్వరంతో ఉన్న పిల్లను లేపడమేమిటని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. జ్వరం ఒక వంక మాత్రమే, అసలు సంగతి భయం. నన్ను నమ్మి పంపితే ఇలా చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్న భయం.

అప్పటికే ఆ భవనం గేటు మూసేసి ఉంటారు. పొద్దున్నే నడక పేరు చెప్పి బయలుదేరి, గేటు తీయగానే లోపలికి దూరాడు. వరండాలోంచి వచ్చే వెలుతురులో చూస్తే మొక్కలన్నీ నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకైనా వాడలేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గబగబా స్విచ్చులన్నీ వేసి, చల్లగా జారుకున్నాడు.

ఆ మర్నాడు కూతురు పనిలోకి వెళ్ళి, సాయంత్రం మొహం పీక్కుపోయి వచ్చింది. మొక్కలన్నీ వేడినీళ్ళు పోసినట్టు తెల్లబడి వాలిపోయాయని చెప్పింది. కరెంటు పోయి వచ్చి ఉంటుందని, ఆ గదికి జనరేటరు లైను వేయించమని అడగకుండా నాన్చింది తానేనని తనను తాను తిట్టుకుంది. చీకటికే చచ్చిపోయాయా అని ఆయన మెల్లగా అడిగాడు.

"చీకటి చంపలేదు నాన్నా. అంత సరుకు పేరుకున్నాక ఒక్కసారిగా వెలుతురు పడింది. ఆకు లోపల్నించే కాలిపోయింది. చీకట్లో ఉన్నాయని ముందే తెలిసుంటే మసక వెలుతురుతో మొదలుపెట్టి మెల్లగా పెంచేదాన్ని. చాలావరకు బతికేవి."

తర్వాత సంచీలోంచి ఆయన రుమాలు తీసి ఒళ్ళో పెట్టింది. దాని నీడలో ఉన్న రెండు మొక్కలు మాత్రం పచ్చగా మిగిలాయట. "నీ మతిమరుపు పుణ్యమా అని ఆ రెండైనా దక్కాయి" అని నవ్వబోయింది, ఏడుపొచ్చింది.

తిట్టినా భరించేవాడే. ఆ మెచ్చుకోలు మాత్రం ఆయన మోయలేకపోయాడు.

"కరెంటు పోలేదమ్మా. ఆపింది నేనే. పొద్దున్నే వెళ్ళి వేసింది కూడా నేనే."

అరుస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఆమె గొంతు పెంచలేదు.

"నేను నిద్రపోయేటప్పుడు నువ్వు నా మంచం పక్కనే ఉన్నావు కదా నాన్నా."

ఆయన లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పొద్దు గూకినా లైటు వెయ్యలేదు. పొదుపు కోసం కాదు, తన చేతుల్ని తాను చూసుకోవడానికి సిగ్గేసి. చెప్పాల్సినప్పుడు చెప్పలేని పిరికితనాన్ని కూతురి మీద జాలి అనుకున్నానని మొదటిసారి తెలిసింది.

కాసేపటికి కూతురు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. బల్ల మీద పెట్టి, అలవాటుగా స్విచ్చు దాకా చెయ్యి చాచి, ఆగింది. లైటు వెయ్యకుండానే బయటికి నడిచింది. వెళుతూ తలుపు మాత్రం కొంచెం తెరిచి ఉంచింది.