డ్రైవరమ్మ కడుపులో పురుగులు

బస్సు నడిపేవాళ్లకు మధ్యలో లేచే వీలుండదు. అందరూ డ్రైవరమ్మ అని పిలిచే ఓ ఇంటి కోడలికి అదే ప్రాణం మీదికొచ్చింది. పెద్దపేగు పుండైపోయి ఎప్పుడు పడితే అప్పుడు నెత్తురు విరేచనాలు. డిపోవాళ్లు ఆమెను స్టీరింగు ముందునుంచి లేపి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. అక్కడైనా కుదురుగా కూర్చోగలిగితేగా!

చివరికి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమెను ఒక ప్రయోగంలో చేర్చుకుని, పురుగు గుడ్లు కలిపిన నీళ్లు చేతిలో పెట్టాడు.

"నీ ఒంటి కాపలావాళ్లు నీ పేగునే దొంగనుకుని బాదుతున్నారమ్మా. ఈ పురుగులు లోపల కాపురం పెడితే అక్కడి బాక్టీరియా మారుతుంది, కాపలావాళ్లు చల్లబడతారు. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను."

ఆమె కళ్లు మూసుకుని గటగటా తాగేసింది. ఆమెకు పనిచేసింది. నెత్తురు ఆగింది, ఒళ్లు చేసింది, స్టీరింగు మళ్లీ చేతికొచ్చింది.

పురుగుల సంగతి మాత్రం ఇంట్లో పెదవి విప్పలేదు. ఎలా విప్పుతుంది? అత్తగారు బళ్లో ఆయాగా చేసిన మనిషి. పిల్లలచేత నులిపురుగుల మాత్రలు మింగించి, నాలుక కింద వేలు పెట్టి మరీ వెతికేది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోనొస్తే అత్తగారే ఎత్తింది. పురుగుల పరీక్షకు మలం తెమ్మని కోడలికి చెప్పండన్నారు. అంతే, ఆవిడకు పూనకం వచ్చినంత పనైంది. కోడలితో ఒక్క మాటైనా అనకుండా మూడు రోజులు వరసగా ఆమె తాగే పాలలో ఆ నులిపురుగుల మాత్రలే పొడి చేసి కలిపింది. ఆ తర్వాత అన్నాల దగ్గర చాటింపు వేసింది.

"కడుపునిండా పురుగులు పెట్టుకుని వంటింట్లో తిరుగుతావా? సిగ్గులేదూ? అన్నిటినీ చంపేశాలే."

కోడలు కంచం పక్కకు తోసింది. "అత్తయ్యా, అవే నా మందు!"

మొగుడు పొలమారేలా నవ్వాడు. "పురుగులు మందేంటే? అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టు."

ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. నులిపురుగుల మాత్రలు పడినవాళ్లకు ప్రయోగంలో చోటు లేదనీ, మళ్లీ గుడ్లు ఇవ్వడం కుదరదనీ అతను తేల్చేశాడు.

నెల తిరక్కుండానే నిండు బస్సులో, వంతెన నడిమధ్యన కడుపు మెలిపెట్టింది. బండి పక్కకు తీసేసరికే సీటు తడిసిపోయింది. జనం ముక్కులు మూసుకుని దిగారు. ఒక పెద్దమనిషి తీరిగ్గా వీడియో తీసుకున్నాడు. డిపోవాళ్లు ఈసారి కిటికీ వెనక కూడా కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు ఆమె పగలంతా మరుగుదొడ్లోనే. లోపల నెత్తురు పోతుంటే తలుపవతల అత్తగారి గొంతు ఎంతో ఆప్యాయంగా పలుకుతుంది.

"ఓర్చుకో తల్లీ, చచ్చిన పురుగుల విషం దిగుతోంది. ఇంకా ఏదో మిగిలినట్టుంది. ఈసారి దేంట్లో కలుపుతానో నీకు చెప్పనులే."